మొక్కజొన్న చేలో పద్మవ్యూహం

పిల్లల పత్రికల్లో ఏదో ఒక మూలన ఉండే బొమ్మ మీకు గుర్తుండే ఉంటుంది. ఒక చివర కుందేలు, మరో చివర క్యారెట్టు, మధ్యలో మెలికలు తిరిగిన దారులు. "కుందేలుకు దారి చూపండి" అని కింద రాసి ఉంటుంది. మనం పెన్సిలు పట్టుకుని బయల్దేరేవాళ్ళం. గీత అడ్డం వస్తే వెనక్కి తిరిగేవాళ్ళం. ఇంట్లో కాస్త గడుసువాళ్ళు మాత్రం క్యారెట్టు దగ్గర మొదలుపెట్టి కుందేలు దగ్గరికి వచ్చేవారు. ఒక్క నిమిషంలో పని అయిపోయేది!

ఇప్పుడా బొమ్మను అయిదెకరాలంత పెద్దది చేయండి. గీతలున్న ప్రతిచోటా మీ తలకన్నా రెండు మూడు అడుగులు ఎత్తున మొక్కజొన్న నిలబెట్టండి. పెన్సిలుకు బదులు మీరే లోపలికి నడవండి. పైనుంచి చూసే వీలు లేదు. క్యారెట్టు వైపు నుంచి మొదలుపెట్టే గడుసుతనమూ పనిచేయదు. ఎటు చూసినా పచ్చటి ఆకులు, వాటి మధ్య మట్టి బాట, పైన ఆకాశం.

అమెరికాలో ఏటా సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో వందలాది రైతు కుటుంబాలు ఇలాంటి చేలను తయారుచేసి, టిక్కెట్టు పెట్టి జనాన్ని లోపలికి పంపుతాయి. ఇంగ్లీషులో మొక్కజొన్నను 'మెయిజ్' అంటారు, చిక్కుదారిని 'మేజ్' అంటారు. ఆ భాషలో రెండు మాటలూ ఒకేలా పలుకుతాయి కనుక ఈ చేనుకు 'మెయిజ్ మేజ్' అనే పేరు అతికినట్టు సరిపోయింది. మనం మాత్రం చిక్కుదారి అనే అందాం.

చేలో దారి తప్పడానికి డబ్బిచ్చేవాళ్ళుంటారా అని మన రైతు నవ్వవచ్చు. ఆ నవ్వు అక్కడి రైతులకూ వచ్చింది. కానీ ఆ దేశంలో 1935లో 68 లక్షలున్న వ్యవసాయ క్షేత్రాలు 2022 నాటికి 19 లక్షలకు తగ్గిపోయాయి. ఆ సంగతి తెలిస్తే ఈ వినోదం వెనుక ఉన్న విషయం అంత నవ్వులాటగా కనిపించదు.

వరదలోంచి పుట్టిన ఆట

1993 వేసవిలో మిసిసిపీ, మిస్సోరీ నదులు అమెరికా మధ్య రాష్ట్రాలను ముంచెత్తాయి. నష్టం సుమారు 1500 కోట్ల డాలర్లని అంచనా. మొక్కజొన్న, సోయాచిక్కుడు పండే నేలలు వారాల తరబడి నీళ్ళలో ఉండిపోయాయి. ఆ రైతుల సహాయానికి విరాళాలు పోగుచేయాలన్న ఆలోచన, వరద తాకని తూర్పు రాష్ట్రం పెన్సిల్వేనియాలో ఒక వింత రూపం తీసుకుంది. అక్కడి ఆన్‌విల్ పట్టణంలో లెబనాన్ వ్యాలీ కాలేజీ ఉంది. ఆ కాలేజీ పూర్వ విద్యార్థి డాన్ ఫ్రాంజ్ నాటకాలు, ప్రదర్శనలు నిర్మించే రంగంలో ఉన్నాడు. ఇంగ్లండులో చిక్కుదారులు రూపొందించడమే వృత్తిగా పెట్టుకున్న ఏడ్రియన్ ఫిషర్‌తో కలిసి ఆయన దాదాపు మూడెకరాల మొక్కజొన్న చేలో ఒక బొమ్మ గీయించాడు. బొమ్మ స్టెగోసారస్ అనే డైనోసార్. ఆ ఏడాది జూన్‌లోనే 'జురాసిక్ పార్క్' సినిమా వచ్చిందని గుర్తుచేసుకుంటే డైనోసారే ఎందుకన్న ప్రశ్న రాదు. జనం ఆ జంతువు కడుపులో, తోకలో, వీపు మీది పలకల్లో దారి వెతుక్కుంటూ తిరిగారు. వచ్చిన డబ్బు వరద బాధితులకు వెళ్ళింది. ప్రపంచంలో అతి పెద్ద చిక్కుదారిగా దానికి గిన్నిస్ పుస్తకంలో చోటు దొరికింది.

కరువు, వరదల సహాయం కోసం చిక్కుదారి పుట్టడం మన దేశానికీ తెలిసిన కథే. 1784 నాటి కరువులో జనానికి పని కల్పించడానికి అవధ్ నవాబు ఆసఫుద్దౌలా లక్నోలో బడా ఇమాంబరా కట్టించాడు. దాని పై అంతస్తులో ఉన్నదే 'భూల్ భులయ్యా'. అయితే ఆ ఇరుకు దారులు జనాన్ని తికమక పెట్టడానికి కట్టినవి కావు. దాదాపు 50 మీటర్ల పొడవున్న హాలు పైకప్పును దూలాలు లేకుండా నిలబెట్టాలంటే బరువు తగ్గించాలి. అందుకోసం గోడలను లోపల బోలుగా వదిలారు. ఆ బోలు ఖాళీలే తర్వాత దారులయ్యాయి, గైడ్లకు జీవనాధారమయ్యాయి.

అసలు చిక్కుదారి బొమ్మ వయసు మూడు వేల ఏళ్ళు దాటింది. గ్రీసు దేశంలో పైలోస్ అనే చోట క్రీ.పూ. 1200 ప్రాంతపు మట్టిపలక ఒకటి దొరికింది. దానికి ఒకవైపు మేకల లెక్క, రెండోవైపు చుట్లు తిరిగిన చిక్కుదారి బొమ్మ ఉన్నాయి. లెక్కలు రాసి విసుగెత్తిన గుమాస్తా గీసి ఉంటాడని నా ఊహ. మన వైపు చూస్తే, కర్ణాటకలో 12వ శతాబ్ది నాటి హళేబీడు హొయసలేశ్వరాలయం గోడ మీద అభిమన్యుడు చొచ్చుకుపోతున్న పద్మవ్యూహాన్ని శిల్పి చుట్లు చుట్లుగా చెక్కాడు. ఇక్కడొక మాట చెప్పాలి. ఇలాంటి పాత బొమ్మల్లో చాలావాటికి శాఖలుండవు. ఒకే దారి తిరిగి తిరిగి మధ్యకు చేరుతుంది. అందులో అలసిపోతారు గాని తప్పిపోరు. భారతంలో అభిమన్యుణ్ణి చంపింది కూడా దారుల తికమక కాదు. అతని వెనుక రావలసిన పాండవులను సైంధవుడు వాకిట్లోనే ఆపేశాడు, అంతే.

దారులు చీలి, కొన్ని మూసుకుపోయి, మనిషిని నిజంగా తప్పించే రకం ఐరోపా రాజుల తోటల్లో వృద్ధి చెందింది. లండన్ దగ్గర హాంప్టన్ కోర్టులో 1690ల నాటి పొదల చిక్కుదారిని ఈనాటికీ చూడవచ్చు. విస్తీర్ణం ఎకరంలో మూడో వంతే. కానీ పొద పెరిగి గోడ కావడానికి ఏళ్ళు పడుతుంది. ఏడాది పొడవునా కత్తిరించే తోటమాలులు కావాలి. రాజుకు తప్ప అది ఎవరికి సాధ్యం?

మొక్కజొన్నతో ఈ లెక్క మారిపోయింది. విత్తిన డెబ్బై, ఎనభై రోజుల్లో ఆరేడు అడుగుల గోడ తయారవుతుంది. పంట కోయగానే గోడ పోతుంది. మరుసటి ఏడాది మరో బొమ్మ గీసుకోవచ్చు. పొలాన్ని కాగితంలా వాడుకోవడం అప్పటికే కొందరికి అలవాటైన విద్య. ఇంగ్లండులో గోధుమ చేలలో రాత్రికి రాత్రి వలయాలు పుడుతుంటే గ్రహాంతరవాసుల పనేనని చాలామంది నమ్మారు. 1991లో డగ్ బోవర్, డేవ్ చోర్లీ అనే ఇద్దరు పెద్దమనుషులు, 1978 నుంచి తామే పలకా తాడూ పట్టుకుని ఆ వలయాలు చేస్తున్నామని బయటపెట్టి, విలేకరుల ఎదుట చేసి చూపించారు. చేను అణగదొక్కి బొమ్మ గీస్తే రైతుకు నష్టం. రైతే గీస్తే సంగతి వేరు.

గళ్ళ కాగితం మీది వ్యవసాయం

మీకు అయిదెకరాలుండి, ఇలాంటి చేను వేయాలనిపించిందనుకోండి. మొదటి పని విత్తడం. మామూలుగా సాళ్ళు ఒకే దిక్కున ఉంటాయి. సాళ్ళ మధ్య సందులోంచి చూపు చాలా దూరం పోతుంది. అలాంటి గోడ గోడ కాదు. కాబట్టి నిలువుగా ఒకసారి, అడ్డంగా మరోసారి విత్తుతారు. గుంటూరు వైపు మిరపకు, పొగాకుకు అచ్చు తోలడం చూసినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది. సాళ్ళ మధ్య దూరం అమెరికాలో సాధారణంగా 30 అంగుళాలు, అంటే 75 సెంటీమీటర్లు. రెండు దిక్కులా విత్తగానే పొలమంతా 75 సెంటీమీటర్ల గళ్ళ కాగితంగా మారిపోతుంది. ఇంట్లో కాగితం మీద బొమ్మ గీసుకుని, పొలంలో గళ్ళు లెక్కపెట్టుకుంటూ జెండాలు పాతుకుంటూ పోవడమే. ఇప్పుడు ఉపగ్రహాల సంకేతాలు అందుకునే పరికరాలను ట్రాక్టరుకు తగిలించి ఆ పని చేస్తున్నారు. గళ్ళ కాగితంతో మొదలుపెట్టిన రైతులు అది లేకుండానే చక్కగా నెట్టుకొచ్చారు.

రెండో పని దారులు తీయడం. ఇక్కడే మొక్కజొన్న శరీర ధర్మం అడ్డుపడుతుంది. మొలిచిన కొత్తలో ఈ మొక్క పెరుగుదల మొనను, మనం మొవ్వు అనుకునే దాని అసలు మూలాన్ని, నేలలోపలే దాచుకుంటుంది. అయిదారు ఆకుల దశ దాటాకే అది నేల పైకి వస్తుంది. అంతకుముందు పైపైన కోసేస్తే మొక్క నవ్వుకుంటూ మళ్ళీ లేస్తుంది. వడగళ్ళ వానకు ఆకులన్నీ చిరిగిపోయిన లేత చేను తిరిగి కోలుకోవడం మన రైతులు చూసే ఉంటారు, కారణం ఇదే. అందుకని లేత దశలో దారి తీయాలంటే నేలను కలియదున్ని వేళ్ళతో సహా తీసేయాలి. మోకాలెత్తు దాటాక కోస్తే మళ్ళీ లేవదు గాని కొయ్యకాళ్ళు మిగిలి నడిచేవాళ్ళ కాళ్ళకు గుచ్చుకుంటాయి. తలెత్తు వచ్చాక దారి తీద్దామనుకుంటే గీసేవాడే తప్పిపోతాడు!

మూడోది కాలం. ధాన్యం కోసం వేసే పంట సెప్టెంబరు చివరికి ఎండిపోతుంది. జనం వచ్చేది అక్టోబరులో. ఎండిన ఆకు గలగలలాడుతుంది, పలచబడుతుంది, నిప్పు రవ్వ పడితే అంతే సంగతులు. అందుకే కొన్ని వారాలు ఆలస్యంగా విత్తుతారు, కాండం గట్టిగా ఉండి గాలికి పడిపోని రకాలు ఎంచుకుంటారు. చేను మధ్యలో చెక్కతో ఒక ఎత్తయిన వంతెన కడతారు. మన చేలలో పిట్టలను తోలే మంచె లాంటిదే ఇది. కాకపోతే అక్కడ పైకెక్కి చూసుకునేది దారి తప్పిన మనుషులను.

లోపల ఏం జరుగుతుంది?

ఇప్పుడు టిక్కెట్టు కొని లోపలికి నడుద్దాం. మొదటి నిమిషంలో మీకు ధైర్యంగానే ఉంటుంది. రెండు మలుపులు తిరిగాక బయటి మాటలు వినిపించవు. గాలికి ఆకులు రాసుకునే చప్పుడు, ఎక్కడో పిల్లల కేకలు. నాలుగో మలుపు దగ్గర "ఇక్కడికి ఇందాకే వచ్చాం కదా?" అని మీతో వచ్చినవాళ్ళు అంటారు. మీరు కాదంటారు. సాధారణంగా వాళ్ళదే నిజమవుతుంది.

మనిషి ఎందుకిలా తిరిగిన చోటే తిరుగుతాడన్నది జర్మనీలో ట్యూబింగెన్‌లోని మాక్స్ ప్లాంక్ సంస్థ పరిశోధకులు 2009లో ప్రకటించిన ఒక అధ్యయనంలో తేలింది. కొందరిని చదునైన అడవిలో విడిచి, నేరుగా నడవమన్నారు. సూర్యుడు కనిపించినవారు దాదాపు నేరుగానే వెళ్ళారు. మబ్బు పట్టిన రోజున నడిచినవారు తమకు తెలియకుండానే గుండ్రంగా తిరిగి తమ పాత బాటనే దాటారు. కళ్ళకు గంతలు కట్టినప్పుడు కొందరు 20 మీటర్ల వలయాల్లోనే తిరిగారు. మన ఒంట్లో దిక్సూచి లేదు. అడుగడుగునా జరిగే చిన్న చిన్న పొరపాట్లు పోగుపడుతుంటే, బయటి ఆనవాలు ఒకటి వాటిని దిద్దుతూ ఉండాలి. కాబట్టి చేలో అడుగుపెట్టగానే చేయాల్సిన మొదటి పని, మీ నీడ ఎటు పడుతోందో చూసుకోవడం.

రెండో ఉపాయం చాలామందికి తెలిసినదే. కుడి చేయి గోడకు ఆనించి, దాన్ని తీయకుండా నడవడం. గోడలన్నీ ఒకదానికొకటి కలిసి ఉన్నంతవరకూ ఇది మిమ్మల్ని తప్పకుండా ద్వారం దగ్గరికి చేరుస్తుంది. హాంప్టన్ కోర్టులో ఈ పద్ధతిలో మధ్యకూ చేరవచ్చు. గణితం తెలిసిన స్టాన్‌హోప్ ప్రభువు ఇంగ్లండులోని చెవెనింగ్ తోటకు చిక్కుదారి గీస్తూ ఈ ఉపాయానికి విరుగుడు కనిపెట్టాడు. బయటి గోడతో కలవకుండా మధ్యలో ద్వీపాల్లాంటి గోడలు పెట్టాడు. చేయి ఆనించి నడిచేవాడు బయటి గోడనే చుట్టుకుంటూ ఉండిపోతాడు, మధ్యకు చేరడు. మొక్కజొన్న చేలలో ఇలాంటి ద్వీపాలు సర్వసాధారణం.

మరి ఏ చిక్కుదారికైనా పనికొచ్చే సూత్రం లేదా? ఉంది. 1736లో ఆయిలర్ కోనిగ్స్‌బర్గ్ నగరపు ఏడు వంతెనల లెక్కను పరిష్కరిస్తూ, దారులను గీతలుగా, కూడళ్ళను చుక్కలుగా చూడవచ్చని చూపించాడు. ఆ చూపుతో ఫ్రాన్సుకు చెందిన ట్రెమో అనే ఇంజనీరు ఒక పద్ధతి చెప్పాడు. దాన్ని ఎదువార్ లూకా 1882లో తన గణిత వినోదాల పుస్తకంలో వివరించాడు. నడిచిన ప్రతి దారి మీదా గుర్తు పెట్టండి. కొత్త కూడలి వస్తే గుర్తులేని ఏ దారైనా పట్టండి. కొత్త దారిలో నడుస్తూ పాత కూడలికి వచ్చారా, లేక దారి మూసుకుపోయిందా, వెనక్కి తిరగండి. పాత దారిలో పాత కూడలికి వచ్చినప్పుడు గుర్తులేని దారి ఉంటే అది, లేకపోతే ఒక్క గుర్తే ఉన్నది ఎంచుకోండి. రెండు గుర్తులున్న దారి ఎప్పుడూ ముట్టుకోవద్దు. నిదానంగా సాగినా ఇది తప్పదు. చేలో గుర్తులు పెట్టనివ్వరు కనుక కాగితం మీద వేసుకోవాలి. ఇదే ఆలోచన నేడు కంప్యూటరు శాస్త్రం చదివే ప్రతి విద్యార్థీ నేర్చుకునే పాఠాల్లో ఒకటి. 1901లో విలర్డ్ స్మాల్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞుడు ఎలుకల తెలివిని పరీక్షించడానికి హాంప్టన్ కోర్టు నమూనానే వాడాడని కూడా చెప్పాలి. ఎలుకలు గళ్ళ కాగితం లేకుండానే నేర్చుకున్నాయి.

ఇవేవీ తట్టకపోతే? 2011 అక్టోబరులో మసాచుసెట్స్‌లో పసిబిడ్డతో చేలోకి వెళ్ళిన ఒక జంట, చీకటి పడుతుంటే భయపడి పోలీసులకు ఫోన్ చేసింది. పోలీసులు కుక్కను తీసుకుని వెళ్ళి చూస్తే వాళ్ళు బయటి దారికి 25 అడుగుల దూరంలో ఉన్నారు.

ఒక పంట, రెండు అమ్మకాలు

ఫ్రాంజ్ చేసింది ప్రదర్శన. దాన్ని వ్యవసాయంగా మార్చినవి చిన్న రైతు కుటుంబాలు. 1996లో పెన్సిల్వేనియాలోని లాంకస్టర్ జిల్లాలో చెర్రీ క్రెస్ట్ అనే కుటుంబ క్షేత్రం అయిదెకరాల చిక్కుదారి వేసింది. ఆమిష్ రైతులు నేటికీ గుర్రాలతో దున్నే ప్రాంతమది. పొలం పక్కనుంచే స్ట్రాస్‌బర్గ్ ఆవిరి రైలు పోతుంది, ప్రయాణికులు దిగి చేలోకి నడుస్తారు. అదే ఏడాది పశ్చిమాన యూటా రాష్ట్రంలో బ్రెట్ హెర్బ్‌స్ట్ అనే వ్యవసాయ పట్టభద్రుడు తన మొదటి చేను వేసి, తర్వాత ఇతర రైతులకు బొమ్మలు గీసి ఇవ్వడమే వృత్తిగా చేసుకున్నాడు.

1996 అన్నది గమనించండి. ఆ వేసవిలో అమెరికాలో బుషెల్ మొక్కజొన్న, అంటే సుమారు 25 కిలోలు, 5 డాలర్ల దాకా పలికింది. 1998 పంటకు సగటు ధర 2 డాలర్ల లోపుకు పడిపోయి, మరి రెండేళ్ళు అక్కడే ఉండిపోయింది. 1998లో సగటు దిగుబడి ఎకరాకు 134 బుషెళ్ళు. అయిదెకరాల పంట మొత్తం అమ్మితే చేతికొచ్చేది సుమారు 1300 డాలర్లు, అదీ ఖర్చులు తీయకముందు. మనిషికి 5 డాలర్ల టిక్కెట్టనుకుంటే 260 మంది వస్తే అంత డబ్బు వస్తుంది. మంచి శనివారం ఒక్కటి చాలు. నవంబరులో జనం తగ్గాక కోత యంత్రం దించి మిగిలిన కంకులు కోసుకోవచ్చు. అదే పంట, రెండుసార్లు అమ్మకం.

ఇంత బాగుంటే అందరూ ఎందుకు చేయరు? వరుసగా నాలుగు వారాంతాలు వాన పడితే ఆ ఏడాది పోయినట్టే. ఎవరైనా కాలు జారి పడితే నష్టపరిహారం కోసం బీమా కట్టాలి. పట్నానికి గంట ప్రయాణం దాటి ఉంటే జనం రారు. వేల పాదాలు తొక్కిన బాటలు రోడ్డులా గట్టిపడతాయి, నీరు ఇంకదు, వాటిని మళ్ళీ లోతుగా దున్నాలి. నిలబడి నిలబడి కొంత చేను పడిపోతుంది. అన్నిటికీ మించి, పశువులనూ పంటనూ చూసుకున్న మనిషి టిక్కెట్ల కిటికీ దగ్గర కూర్చోవాలి, అపరిచితులను నవ్వుతూ పలకరించాలి. అందరు రైతులకూ అది చేతకాదు, చేతకానందుకు తప్పు పట్టలేం. అయినా ఆ దేశ వ్యవసాయ గణన ప్రకారం క్షేత్రాలకు సందర్శకుల వల్ల వచ్చిన ఆదాయం 2012లో 70 కోట్ల డాలర్లు, 2022లో 126 కోట్లు. ఇందులో చిక్కుదారులు ఒక భాగం మాత్రమే. పండ్లు కోసుకోవడం, గుర్రపు స్వారీ లాంటివన్నీ కలిపిన లెక్క ఇది.

పెద్దది చేయాలన్న యావ కూడా బయల్దేరింది. 2014లో కాలిఫోర్నియాలోని డిక్సన్ దగ్గర 60 ఎకరాల చేను గిన్నిస్ రికార్డుకెక్కింది. అంత పెద్ద చేలో వినోదం ఎక్కడ ముగిసి కాళ్ళనొప్పులు ఎక్కడ మొదలవుతాయో చెప్పడం కష్టం. నా మటుకు నాకు జపాన్‌లోని ఇనకదాతె అనే గ్రామం చేసింది ఎక్కువ నచ్చుతుంది. అక్కడ కూడా 1993లోనే, వేర్వేరు రంగుల ఆకులున్న వరి రకాలను పక్కపక్కన నాటి, పొలంలో ఇవాకీ పర్వతం బొమ్మ తెప్పించారు. చూడడానికి పొలంలోకి దిగనక్కర్లేదు, గ్రామ కార్యాలయం బురుజు ఎక్కితే చాలు. ఒక్క దుబ్బూ పోదు, వరి అంతా కోతకు వస్తుంది.

ఇక మన సంగతి. మొక్కజొన్న మనకు కొత్త కాదు. 1961లో దేశంలో విడుదలైన మొదటి సంకర రకాల్లో 'దక్కన్' హైదరాబాదులో రూపొందినదే. చిక్కంతా నేల దగ్గర ఉంది. 2015–16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలో సగటు కమతం 1.08 హెక్టార్లు, అంటే సుమారు 2.7 ఎకరాలు. ఆన్‌విల్‌లో 1993లో గీసిన డైనోసార్‌కు పట్టిన చోటు దాదాపు మూడెకరాలు. మన సగటు రైతు దగ్గర ఉన్న నేలంతా ఇచ్చినా ఆ జంతువు తోక గట్టు అవతలే ఉండిపోతుంది. పైగా వానాకాలం చేను నిలబడే రోజుల్లోనే బాటలు బురద. 2018లో దేశంలోకి వచ్చిన కత్తెర పురుగు సుళ్ళు కొరికేస్తే గోడకు కిటికీలు పడతాయి. అడవి పందులు దిగాయంటే వాటి దారులు అవే తీసుకుంటాయి.

అలాగని దారి మూసుకుపోలేదు. మహారాష్ట్రలో బారామతి ప్రాంతంలో 2005 నాటికే రైతుల ఇళ్ళకు పట్నవాసులను పిలిచి, పొలం చూపించి, భోజనం పెట్టి పంపడం మొదలైంది. 2020లో ఆ రాష్ట్ర ప్రభుత్వం వ్యవసాయ పర్యాటకానికి ప్రత్యేక విధానమే తెచ్చింది. వాళ్ళు మూడెకరాలు ఇవ్వలేదు. ఒక చెట్టు నీడ, ఒక ఎడ్లబండి, జొన్నరొట్టె ఇచ్చారు. చిక్కుదారికి కూడా అర ఎకరం చాలు. హాంప్టన్ కోర్టులో ఉన్నది అంతకన్నా తక్కువే కదా. యాసంగిలో నీటి వసతి ఉన్నచోట, పట్నానికి దగ్గరగా, పశువుల మేతకు ఎలాగూ వేసే మొక్కజొన్ననో జొన్ననో రెండు దిక్కులా విత్తి, అయిదారు ఆకుల దశలో వేళ్ళతో సహా దారులు తీస్తే, రెండు నెలల్లో బడిపిల్లలు దూరిపోయేంత గోడ లేస్తుంది. మంచె ఎలాగూ ఉంటుంది. కూడళ్ళ దగ్గర పిల్లలకు ఆయిలర్ చుక్కలూ గీతలూ చెప్పవచ్చు, మొవ్వు ఎక్కడ దాక్కుంటుందో ఒక మొక్క చీల్చి చూపవచ్చు. పిల్లలు బయటికొచ్చే చోట కుంపటి మీద కంకులు కాలుతూ ఉండాలి. ఆ వాసన పట్టుకుని వాళ్ళు ట్రెమో సూత్రం లేకుండానే దారి కనుక్కుంటారు.